ఆముదం: మందు ఎక్కడ ఆగింది, విషం ఎక్కడ మొదలైంది? పోచంపల్లి చెల్కల నుంచి ప్రపంచ యుద్ధం దాకా

ఈ మధ్య మీ ఫోన్‌లో కూడా ఒక రీల్ వచ్చే ఉంటది. రాత్రి పడుకునే ముందు బొడ్డులో రెండు చుక్కల ఆముదం వేసుకోండి, కళ్లు బాగైతయి, పొట్ట తగ్గుతది, జుట్టు పెరుగుతది అని. ఇంకొంచెం కిందికి స్క్రోల్ చేస్తే ఇంకో రీల్. అందులో అదే ఆముదం గింజ చూపించి, ఇది ప్రపంచంలోనే భయంకరమైన విషాల్లో ఒకటి, ముట్టుకుంటే చాలు అంటరు. రెండు రీల్స్ కూడా ఒకే చెట్టు గురించి. మరి ఏది నిజం?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే చరిత్రలోకి పోవాలె. అది కూడా ఎక్కడికో కాదు, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట నేలల్లోకే.

ప్రతి ప్రాంతానికీ ఒక ఇంటి మందు మొక్క ఉంటది. యూరప్ వాళ్లకు సేజ్ అనే ఆకు ఉంది. దాని పేరే బాగు చేయడం, కాపాడటం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. గొంతు నొప్పికి దాని కషాయం పుక్కిలిస్తరు. కానీ అందులో థుజోన్ అనే పదార్థం ఉంది. దాని నూనె మోతాదు మించితే మూర్ఛ వస్తది. అంటే కాపాడే ఆకుకు కూడా ఒక హద్దు ఉంది. మన దక్షిణ తెలంగాణ మెట్టకు అట్లాంటి మొక్క ఆముదం. దాని హద్దు ఇంకా కఠినంగా ఉంటది.

ఎర్ర చెల్కల పంట

పోచంపల్లి అనగానే మనకు రెండు గుర్తొస్తయి. ఒకటి ఇక్కత్ చీర. రెండోది 1951 ఏప్రిల్ 18. ఆ రోజు వినోబా భావే ఈ ఊరికి వచ్చారు. భూమి లేని దళిత కుటుంబాలు భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. ఇప్పుడు ఈ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016 దాకా నల్లగొండ జిల్లానే.

కానీ ఈ చుట్టుపక్కల నేల ఎట్లాంటిదో ఎప్పుడైనా ఆలోచించారా? కాలువ నీళ్లు తక్కువ. చెరువు కింద ఉన్నోళ్లకు వరి, లేనోళ్లకు ఎర్ర చెల్క. వానను నమ్ముకొని బతకాలె. ఆ చెల్కల్లో జొన్న, సజ్జ, కందితో పాటు పండేది ఆముదం. దీని వేరు లోతుకు పోతది, ఎండను తట్టుకుంటది. పశువులు కూడా దీన్ని పెద్దగా ముట్టవు. అందుకే చేను గట్ల మీద కూడా వేసేటోళ్లు. పశువులు ఎందుకు ముట్టవు? ఆ చెట్టు తనను తాను కాపాడుకునే పద్ధతి అది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తం.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని సామెత ఉంది కదా. ఎగతాళికి వాడుతం. కానీ వాన లేని నేల మీద నిలబడేది అదే అని ఆ సామెతలోనే ఉంది.

నిజాం కాలంలో ఆముదం పంటలో హైదరాబాద్ సంస్థానం దేశంలో ముందు వరుసలో ఉండేది. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ ముఖ్యం. 1889 నాటికి నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి భువనగిరి మీదుగా బెజవాడ దాకా పోయింది. రైలు వచ్చినంక పల్లె పంటకు దేశాంతర ధర కట్టడం మొదలైంది. చెల్కలో పండిన గింజ ఓడ ఎక్కి ఇంగ్లండ్‌కు, ఫ్రాన్స్‌కు పోయే సరుకైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జొన్న ధర పడిపోతే ఇంట్లో గటక వండుకొని తినొచ్చు. ఆముదం ధర పడిపోతే? తినలేం. అది కేవలం డబ్బు పంట. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు ఇట్లాంటి పంటల ధరలు కుప్పకూలాయి. శిస్తు మాత్రం తగ్గలేదు, అప్పు తగ్గలేదు. చాలామంది చిన్న రైతుల భూములు సావుకార్ల చేతికి, దేశ్‌ముఖ్‌ల చేతికి పోయాయి. తెలంగాణ రైతాంగ పోరాటానికి కారణం ఆముదం అని నేను అనడం లేదు. వెట్టి ఉంది, దొరల జులుం ఉంది, భూముల కబ్జా ఉంది. కానీ తిననీకి పనికిరాని పంట మీద బతకడం ఎంత ప్రమాదమో నల్లగొండకు బాగా తెలుసు. ఆ పోరాటం నడిచిన జిల్లా కాబట్టే వినోబా ఇటు నడిచి వచ్చారు.

వంటాముదం వెనుక ఉన్న తెలివి

ఇగ మందు సంగతికి వద్దాం. ఆముదం వాడకం చాలా పాతది. ఈ మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా వైపు అంటరు. సుమారు 3500 ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్‌లో దీని ప్రస్తావన ఉంది. మన దగ్గర చరక, సుశ్రుత సంహితల్లో ఏరండం అనే పేరుతో కనబడతది. వాతం నొప్పులకు, విరేచనానికి వాడేటోళ్లు. 1753లో లినేయస్ దీనికి రిసినస్ కమ్యూనిస్ అని పేరు పెట్టారు. రిసినస్ అంటే లాటిన్‌లో పిడుదు, పశువులకు పట్టే పురుగు. గింజ చూడండి, నెత్తురు తాగి ఉబ్బిన పిడుదు లాగే ఉంటది.

మన ఇళ్లలో రెండు రకాల ఆముదం ఉండేది. ఒకటి గానుగలో ఆడించింది. అది దీపానికి, బండి ఇరుసుకు, తోలుకు. రెండోది వంటాముదం. గింజలను వేయించి, దంచి, నీళ్లలో పోసి చాలాసేపు మరిగిస్తరు. నూనె పైకి తేలుతది. దాన్ని తేర్చి, తడి పోయే దాకా మళ్లీ కాస్తరు. కడుపులోకి మందుగా పోయేది, బాలింతకు, పసిపిల్లకు వాడేది ఇదే.

ఇంత కష్టం ఎందుకు? గానుగ నూనె సరిపోదా? మన అవ్వలకు రైసిన్ అనే మాట తెలియదు. కానీ వాళ్లు చేసిన పని సరిగ్గా ఆ విషం మీదనే చేశారు. గింజలో ఉన్న రైసిన్ ఒక ప్రొటీన్. ప్రొటీన్‌కు రెండు గుణాలున్నాయి. ఒకటి, అది నూనెలో కరగదు, నీటి వైపు, పిండి వైపు ఉండిపోతది. రెండు, బాగా వేడి చేస్తే దాని ఆకారం చెడిపోతది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే మళ్లీ పల్చగా కాదు కదా, అట్లా. వంటాముదం పద్ధతిలో ఈ రెండూ జరుగుతయి. తరతరాల అనుభవం అది.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కూడా సూత్రం ఇదే. గింజ నుంచి నూనె తీసి, వేడి చేసి, వడగట్టి శుద్ధి చేస్తరు. అందుకే మెడికల్ షాపులో దొరికే శుద్ధి చేసిన ఆముదంలో రైసిన్ భయం ఉండదు. ఇది విని ఎవరూ ఇంట్లో గింజలు దంచే ప్రయోగం మాత్రం చేయకండి. వేడి ఎంత తగిలింది, ఎంతసేపు తగిలింది అనేది అంచనాతో తేలేది కాదు.

మగ్గం దగ్గర ఆముదం

పోచంపల్లి గురించి మాట్లాడుతూ మగ్గాన్ని వదిలేస్తే ఎట్లా? ఇక్కత్ నేత ఈ ప్రాంతానికి 1915 ప్రాంతంలో చీరాల వైపు నుంచి వచ్చిందని చెప్తరు. చీరాలలో అప్పటికే తేలియా రుమాల్ నేసేటోళ్లు. తేల్ అంటే నూనె. నూలును నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో రోజుల తరబడి పిసుకుతరు, ఎండబెడతరు, మళ్లీ పిసుకుతరు. బూడిదలో క్షారం ఉంటది. అది నూనెతో కలిసి సబ్బు లాంటిది తయారైతది. అట్లా పదునైన నూలుకు ఎరుపు రంగు లోపలిదాకా పడతది, ఉతికినా పోదు. గుడ్డకు నూనె వాసన ఉంటది, చల్లగా ఉంటది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయింది ఇదే. పుట్టపాక నేతగాళ్లు ఈ పని ఇంకా బతికిస్తున్నారు. తేలియా రుమాల్‌కు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది.

ఇంకో విచిత్రం. 19వ శతాబ్దంలో యూరప్ అద్దకం పరిశ్రమ కూడా ఆముదం దగ్గరికే వచ్చింది. ఆముదానికి గంధకామ్లం కలిపి టర్కీ రెడ్ ఆయిల్ అనే సరుకు తయారు చేసింది. ఎరుపు రంగు నూలుకు బాగా పట్టడానికే. మన నేతగాడు బూడిదతో సాధించింది, వాళ్లు యాసిడ్‌తో సాధించారు. అంటే ఆ కాయ పొట్టు కూడా మన దగ్గర వృథా పోలేదు.

విమానాల్లో నూనె, ల్యాబులో విషం

1909లో ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఒక కొత్త ఇంజిన్ ఆయిల్ తెచ్చింది. అందులో ఆముదం కలిపారు. ఆముదాన్ని ఇంగ్లిష్‌లో క్యాస్టర్ ఆయిల్ అంటరు కదా, అందుకని క్యాస్ట్రాల్ అని పేరు పెట్టారు. అవును, బైక్ మెకానిక్ షాపులో కనబడే ఆ పేరే.

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకు ఆముదమే దిక్కు. ఆ ఇంజిన్లలో నూనె, పెట్రోలు కలిసిపోయే అవకాశం ఉంటది. మామూలు నూనె పెట్రోలులో కరిగి పల్చబడతది. ఆముదం తొందరగా కరగదు, వేడికి నిలబడతది. ఇంజిన్ నుంచి వచ్చే ఆముదం పొగ, తుంపరలు పైలట్ల ముఖం మీద పడేవి. దాంతో వాళ్లకు కడుపు పాడయ్యేదని ఆ కాలం కథలు చాలా ఉన్నాయి. 1918లో అమెరికా ప్రభుత్వం విమానాల నూనె కోసం మన దేశం నుంచి ఆముదం విత్తనం తెప్పించి తన రైతులతో సాగు చేయించింది.

అదే సంవత్సరం, అదే అమెరికా, అదే గింజలోని విషాన్ని ఆయుధంగా వాడొచ్చా అని కూడా పరిశోధించింది. ఆ విషానికి పేరు అప్పటికే ఉంది. 1888లో డోర్పాట్ యూనివర్సిటీలో, అంటే ఇప్పటి ఎస్టోనియాలోని టార్టులో, పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధక విద్యార్థి ఆముదం గింజ నుంచి దాన్ని వేరు చేసి రైసిన్ అని పేరు పెట్టారు. మూడేళ్ల తర్వాత జర్మనీలో పాల్ ఎర్లిచ్ ఎలుకలకు కొంచెం కొంచెంగా రైసిన్ ఇచ్చి చూశారు. ఎలుకలు దాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాయి. మన గురివింద గింజలోని అబ్రిన్‌తో కూడా అట్లాగే చేశారు. శరీరం విషాన్ని గుర్తుపట్టి ఎదుర్కోగలదు అనే రోగనిరోధక శాస్త్రానికి ఆ ప్రయోగాలు పునాదుల్లో ఒకటి. ఎర్లిచ్‌కు 1908లో నోబెల్ వచ్చింది.

రైసిన్ లోపల ఏం చేస్తది? మన ప్రతి కణంలో ప్రొటీన్లు తయారు చేసే చిన్న చిన్న యంత్రాలుంటయి, రైబోజోమ్‌లు. రైసిన్ కణంలోకి దూరి వాటిని ఒక్కొక్కటిగా ఆపేస్తది. ఒక్క అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోజోమ్‌లను పాడు చేయగలదు. 1987లో జపాన్ శాస్త్రవేత్త యాయెటా ఎండో బృందం ఈ గుట్టు విప్పింది.

1978 సెప్టెంబర్ 7న లండన్ వాటర్లూ బ్రిడ్జి దగ్గర బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్ తొడలో ఏదో గుచ్చుకుంది. నాలుగు రోజులకు చనిపోయారు. శరీరంలో ఒక చిన్న లోహపు గుండు దొరికింది, రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. లక్షణాలను బట్టి అందులో రైసిన్ పెట్టి ఉంటారని నిపుణులు తేల్చారు. ఇప్పుడు రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో రైసిన్ మొదటి జాబితాలోనే ఉంది.

విషం మాట వదిలేసినా, శుద్ధమైన నూనెతోనే మనుషులను హింసించిన చరిత్ర ఉంది. 1920లలో ఇటలీలో ముస్సోలినీ మూకలు ప్రత్యర్థులను పట్టుకొని బలవంతంగా ఆముదం తాగించేవి. విరేచనాలతో నీరసించి, అవమానంతో కుంగిపోవాలని. మోతాదు మించితే మందు కూడా దెబ్బే.

మందు ఎట్లా పని చేస్తది

ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. వేరే నూనెల్లో ఇది ఇంతగా ఉండదు. పేగుల్లో ఆముదం విడిపోయి ఈ ఆమ్లం బయటికి వస్తది. 2012లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఒక సంగతి కనిపెట్టారు. ఈ ఆమ్లం పేగుల కండరాల మీద ఉన్న ఈపీ3 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతది. పేగు బిగుసుకుంటది, విరేచనం అవుతది. అదే గ్రాహకం గర్భాశయం మీద కూడా ఉంది. అందుకే ఆముదం తాగితే కాన్పు నొప్పులు వస్తయని అన్ని దేశాల్లో పాత నమ్మకం. నమ్మకంలో నిజం ఉంది, దాంతో పాటు ప్రమాదం కూడా ఉంది. నొప్పులు ఎప్పుడు, ఎంత గట్టిగా వస్తయో మన చేతిలో ఉండదు. కాబట్టి గర్భిణులు డాక్టర్ చెప్పకుండా ఆముదం తాగొద్దు. అమెరికాలో ఎఫ్‌డీఏ కూడా ఆముదాన్ని విరేచన మందుగా ఒప్పుకుంది కానీ, కాన్పు కోసం ఒప్పుకోలేదు.

పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఆముదం ఉంది. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు నీళ్లలో కరగదు. దాన్ని రక్తంలోకి ఎక్కించడానికి ఆముదం నుంచి తయారైన ఒక ద్రావకం వాడతరు. కొందరికి ఆ ద్రావకం వల్లే అలర్జీ వస్తది కాబట్టి ముందు జాగ్రత్త మందులు ఇస్తరు.

అయితే మనం ఏం గుర్తు పెట్టుకోవాలె?

గింజ వేరు, నూనె వేరు. గింజ నమిలితే విషం. గట్టి పొట్టు ఉండటం వల్ల నమలకుండా మింగితే ముప్పు తక్కువే, కానీ ఆ ధీమాతో ఇంట్లో కూర్చోవద్దు. లక్షణాలు వెంటనే రావు, కొన్ని గంటలు పట్టొచ్చు. వాంతులు, కడుపు నొప్పి, నెత్తురు విరేచనాలు, ఒంట్లో నీళ్లు పోవడం. రైసిన్‌కు విరుగుడు మందు లేదు. కానీ తొందరగా ఆసుపత్రికి పోయి సెలైన్ ఎక్కించి చూసుకుంటే చాలామంది బతుకుతరు. బలవంతంగా వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేయండి, మిగిలిన గింజ ఉంటే చూపించడానికి తీసుకుపోండి. అడవి ఆముదం గింజలది కూడా ఇదే కథ. అవి తిని బడిపిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు వస్తూనే ఉంటయి. మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ కాయ చూపించి చెప్పండి.

మరి ముట్టుకుంటే చస్తరా? కాదు. మన రైతులు తరాలుగా చేతులతోనే ఏరారు. కానీ పిండి, దుమ్ము వేరే సంగతి. ఆముదం చెక్క దుమ్ముతో ఆయాసం వస్తదని 1928లోనే అమెరికాలో ఒక నూనె మిల్లు చుట్టుపక్కల ఉన్న జనంలో డాక్టర్లు గుర్తించారు. ఆ చెక్క ఎరువుకు మంచిది, పశువులకు, కుక్కలకు విషం. పొలంలో చల్లేటోళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలె.

పసిపిల్లల మాడు మీద కొంచెం ఆముదం రాయడం వేరు. ముక్కులో, నోట్లో చుక్కలు వేయడం వేరు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తది. అది మన దేశంలో పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన ప్రమాదం. అవ్వ మీద గౌరవం ఉంచుకొని, ఈ ఒక్క పని మాత్రం వద్దని చెప్పండి. కామెర్లకు ఆముదం ఆకు పసరు తాగడం కూడా అంతే. ఆకులో రిసినిన్ అనే ఇంకో పదార్థం ఉంది. పైగా కామెర్లకు కారణం ఏందో పరీక్షతో తేలాలె.

బొడ్డులో చుక్కలు వేస్తే చూపు బాగుపడదు. బొడ్డు నుంచి కంటికి దారి లేదు. ఆముదం నేరుగా కంట్లో వేస్తే శుక్లాలు కరుగుతయని చెప్పేది కూడా అబద్ధం. జుట్టు పెరుగుతదని గట్టి రుజువు లేదు. 2017లో మన దేశంలో అచ్చయ్యే ఒక జుట్టు వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. ఆముదం, కొబ్బరి నూనె రాసుకొని తలస్నానం చేసిన అమ్మాయి జుట్టు మొత్తం విడదీయలేనంతగా అట్ట కట్టింది. కత్తిరించక తప్పలేదు. ఆముదం అంత జిగట. జుట్టుకు మెరుపు కావాలంటే తక్కువ రాయండి, వేరే నూనెలో కలిపి రాయండి.

చివరిగా చెల్కల దగ్గరికి వద్దాం. 1968లో గుజరాత్ జీసీహెచ్-3 అనే ఆముదం హైబ్రిడ్ తెచ్చింది, నీళ్లు పెట్టి సాగు చేసింది. ఇప్పుడు దేశంలో పండే ఆముదంలో అత్యధిక భాగం అక్కడిదే. మన దగ్గర దాసరి పురుగు, బూజు తెగులు, తర్వాత పత్తి వచ్చి ఆముదాన్ని పక్కకు నెట్టాయి. పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత లాంటి రకాలు ఇచ్చింది కాబట్టి కొన్ని చెల్కల్లో ఇంకా నిలబడింది. పంట తగ్గేకొద్దీ దాని మీద ఉన్న తెలివి కూడా ఇళ్ల నుంచి పోతున్నది. వంటాముదం ఎందుకు వండేటోళ్లో తెలిసిన తరం తగ్గిపోయింది. ఆ ఖాళీలోకి రీల్ వచ్చి కూర్చుంది.

రీల్ చెప్పే ఆముదానికి మోతాదు ఉండదు, హద్దు ఉండదు. మన పాత వైద్యంలో రెండూ ఉండేవి. ఇంట్లో వంటాముదం వండిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారం ఒకసారి కూర్చొని అడగండి. ఎట్లా వండేటోళ్లు, ఎవరికి ఇచ్చేటోళ్లు, ముఖ్యంగా ఎవరికి ఇవ్వకపోయేటోళ్లు అని. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. మందుగా తాగి చూడటానికి కాదు, మరిచిపోకుండా ఉండటానికి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంట మరి.